పాత తూట్లలో కొత్త దారం

నాకు ముక్కు మీద కోపమని మా బంధువులంతా అంటారు. ముక్కు మీద కాదు, నాలుక మీద అని మా ఆయన సవరిస్తాడు. ఎక్కడుంటేనేం, ఆ కోపమే లేకపోతే మా నాయన కారు ఈపాటికి బెంగుళూరులో ఒక హోటల్ హాల్లో, పూలకుండీల మధ్య కదలకుండా నిలబడి ఉండేది. వచ్చేపోయేవాళ్లు దాని మీద చెయ్యేసి ఫోటోలు దిగుతుండేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది చిత్తూరులో బెల్లం మండీ పెట్టుకొని బతికిన కుటుంబం. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఒక దొర సీమకు వెళ్లిపోతూ తన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును వదిలించుకుంటుంటే, మా నాయన దాన్ని ఇంటికి తోలుకొచ్చాడట. నేను పుట్టకముందు సంగతి. ఎర్ర రంగు, గుడ్డ టాపు, లోపల కూర్చొని చెయ్యి చాపితే నేల అందేటంత పొట్టి బండి. మండీ అంతా నవ్విందట. "ఏమప్పా, దీంట్లో బెల్లం మూట ఒకటన్నా పడతాదా?" అని అడిగినవాళ్లకు, "బెల్లానికి లారీలుండాయి లేప్పా, ఇది నాకు" అన్నాడట నాయన. ఆయన తన కోసమని కొనుక్కున్న వస్తువు బహుశా అదొక్కటే.

రెండే సీట్లు కాబట్టి ఆదివారం సాయంత్రాలు నన్నూ తమ్ముణ్ణీ వంతులేసి తిప్పేవాడు. తమ్ముడి వంతు వస్తే వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకొని స్టీరింగు పట్టుకోనిచ్చేవాడు. నా వంతు వచ్చినప్పుడు నేనూ అడిగేదాన్ని. "ఆడబిడ్డకి స్టీరింగెందుకమ్మా? పక్కన కూసోని సూడు, బో బాగుంటాది" అనేవాడు. ప్రేమగా అనేవాడు, అదే వచ్చిన తంటా. కసిరి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. కూర్చున్నాను, చూశాను. ఇంజను మోత, గాలికి జడ ఊడిపోవడం, మొహాన కొట్టే దుమ్ము, అన్నీ ఒంట్లో ఇంకిపోయాయి. ఈ బండి నాకు కావాలని అప్పుడే అనుకున్నాను. నోరు తెరిచి అడగడానికి మాత్రం తల నెరవాల్సి వచ్చింది.

నాయన పోయాక మండీ, ఇల్లు తమ్ముడికి వచ్చాయి. నాకు పెట్టాల్సింది పెళ్లిలోనే పెట్టేశామన్నారు, నేనూ కాదనలేదు. అప్పటికే తిరుపతిలో స్థిరపడ్డాను. బైరాగిపట్టెడలో సొంత టైలరింగ్ అంగడి, దేవస్థానంలో ఉద్యోగం చేసి రిటైరైన మొగుడు, మేము తిరగడానికి ఒక చిన్న కారు. ఆ చిన్న కారు నడపడం నలభై దాటాక పంతం పట్టి నేర్చుకున్నాను. నాయన కారు మాత్రం చిత్తూరు గోడౌనులో బెల్లం మూటల వెనక ఏళ్లకేళ్లు పడి ఉంది. కిందటేడు తమ్ముడు దాని ఇంజను బాగు చేయించాడని తెలిసి సంబరపడ్డాను. ఎందుకు చేయించాడో తెలిశాక, చేతిలో ఉన్న జాకెట్టు అక్కడే పడేసి చిత్తూరు బయలుదేరాను.

"ఎవుర్ని అడిగి ఆ హోటలోనికి ఇస్తాండావురా?" అన్నాను, వాడింటి గడప కూడా దాటకుండానే.

"ఎవుర్ని అడగాలక్కా? ఎలకలు కాపరం జేస్తాండాయి దాంట్లో. ఆయన లోపలంతా పీకేసి కొత్త రెగ్జిను ఏపిస్తాడంట. తళతళలాడిపోతాదంట."

"పీకేసేదానికి అదేమన్నా గడ్డా? నాకియ్యి. లోపలంతా నేను బాగు జేస్తా."

వాడు పడీపడీ నవ్వాడు. "నువ్వు కుట్టేది జాకెట్లు గదక్కా! ఇది కారు."

"జాకెట్టు ఒంటికి పట్టాల. నూలుపోగంత తేడా వచ్చినా పెండ్లిలో అందరి ముందరా నన్ను కడిగేస్తారు. కారు సీటుకేముందిరా, నోరా వాయా?"

మా మాటలకు వాడి పెళ్లాం వంటింట్లోంచి వచ్చి నిలబడింది. పెళ్లాం ముందు తగ్గడం వాడికి ఇష్టం లేకపోయింది కాబోలు, పందెం కాశాడు. "సరే. మద్రాసులో పాత బండ్ల పోటీ జరగబోతాది. ఇది దొర దగ్గర ఎట్లుండెనో లోపల అట్ల జేసి, ఆ జడ్జీల నోటితో ఒరిజినల్ అనిపించు. బండి నీది. అనిపించలేకపోతే మాత్రం నోరెత్తకూడదు, బెంగుళూరుకి పంపిచ్చేస్తా."

"గెలిచినాక మాట మారిస్తే?"

"మండీలో కూసున్నోణ్ణక్కా. మాట మారిస్తే రేపు నా కాడికి బెల్లం ఎవురు తెస్తారు?" అని నా చేతిలో చెయ్యేశాడు. మండీ వాళ్లకు అది రాతకోతల కన్నా గట్టిది. నేనూ గట్టిగా పట్టుకుని ఊపాను.

కారును లారీ మీద తిరుపతికి తెచ్చాం. నేను నా చిన్న కారులో లారీ వెనకే వచ్చాను. చంద్రగిరి దగ్గర టీకి ఆపితే జనం మూగి, "ఏ సినిమా కోసరమ్మా?" అని అడిగారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో దించి తలుపు తెరిచేసరికి, అబ్బా, ఏం వాసన! పులిసిన బెల్లం, ఎలక పెంట, తడిసిన గోనె, అన్నీ కలిసి కొట్టాయి. గోడౌను పైకప్పు కారినప్పుడల్లా బెల్లం కరిగి, పాకమై బండిలోకి దిగింది. కింద పరిచిన ముదురెరుపు ఉన్ని తివాచీ చెప్పుకు అంటుకొని లేచింది. చీమలు బారులు తీరి, మేమే పరాయివాళ్లమన్నట్టు తిరుగుతున్నాయి. మా ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకొని, "ఇదా నీ పుట్టింటి కట్నం?" అన్నాడు.

సీట్లకు నీలం రెగ్జిను తొడుగులు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అవే. బండి ఇంటికొచ్చిన వారంలోనే లారీ సీట్లు కుట్టేవాణ్ణి పిలిపించి నాయన వేయించాడని మా అమ్మ చెప్పేది. మనవాళ్ల బుద్ధి తెలిసిందే కదా. సోఫా కొంటే సోఫాకు గుడ్డ, రిమోట్ కొంటే దానికో ప్లాస్టిక్ సంచి. ఏ వస్తువునీ దాని అసలు ఒంటితో వాడుకోం, మాసిపోతుందని భయం. నాయన తన ముచ్చటైన కారు అసలు సీటు మీద వారం రోజులకు మించి కూర్చోలేదు. ఆ రెగ్జిను కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపుతూ, లోపల ఏముంటుందిలే, పొడి రాలుతుందేమో అనుకున్నాను.

తొడుగు ఊడి వచ్చింది. లోపల జున్ను రంగు తోలు. నిలువు చారలుగా కుట్టి, అంచుల్లో సన్నటి ఎర్ర పైపింగు. కుట్లు చాలావరకు చివికి విడిపోయాయి, పైపింగు ముట్టుకుంటే పొడి అవుతోంది, పక్క సీటు మూల ఎలక కొట్టిన కన్నం అరచేయంత ఉంది. కానీ తోలు బతికే ఉంది! నాయన పిసినారితనమో, జాగ్రత్తో, దాన్ని ఇన్నేళ్లు దాచి పెట్టింది. ఆ సీటు మీద మొహం పెట్టుకొని బోరుమని ఏడ్చాను. మా ఆయన నా భుజం తట్టి, "ఇల్లు అలకగానే పండగ కాదు, లే" అన్నాడు.

నిజమే. అసలు పని అప్పుడు మొదలైంది. ఇంగ్లీషు వీడియోలు ఆయన చూసి నాకు చెప్పేవాడు. అందులో అందరూ చేసింది ఒకటే, పాతది తీసేసి, అలాంటిదే కొత్త తోలు తెచ్చి వేయడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అసలుదాన్ని తీసేశాక ఒరిజినల్ అని ఏ మొహంతో అంటాం? నేను ఉన్న తోలునే మళ్లీ కుడతానన్నాను. గుడ్డయితే సూది దిగిన చోటు ఉతికితే పూడుకుంటుంది. తోలు అలా కాదు, ఒకసారి తూటు పడితే పడినట్టే. కొత్త తూట్లు పడితే కుట్టు కాడికి చినుగుతుంది, చూసేవాడి కంటికి ఇట్టే దొరుకుతుంది. కాబట్టి మిషను మీద పెట్టడానికి లేదు. దొరల దేశంలో ఎవరో దర్జీ వేసిన పాత తూట్లలోంచే, మైనం రుద్దిన నార దారంతో, వంకర సూదితో చేత్తో కుట్టాలి.

తోలు మెత్తబడడానికి వెనక వైపు నుంచి కొంచెం కొంచెంగా ఆముదం పట్టించాను. ఆ తర్వాత రోజూ అంగడి పని కాగానే షెడ్డులో కూర్చొని కుట్టేదాన్ని. ఒక తూటు వెతకాలి, సూది దించాలి, లాగాలి, మళ్లీ ఎదురు తూటు వెతకాలి. కొన్నిసార్లు జానెడు కుట్టేసరికి ఒక తూటు తప్పించానని తెలిసేది. అంతా విప్పి మళ్లీ మొదటికి. ఆ రోజుల్లో నాతో మాట్లాడిన ప్రతివాడూ తిట్లు తిన్నాడు. పాలవాడు గేటు బయటే ప్యాకెట్టు పెట్టి పారిపోయేవాడు.

ఎలక కన్నానికి అతుకు కావాలి. ఆ రంగు, ఆ వయసు తోలు ఎక్కడ దొరుకుతుంది? దిగులుపడి సీటు తిరగేసి చూస్తే, అడుగున ఫ్రేము కిందికి బెత్తెడు తోలు మడిచి కొట్టి ఉంది. నవ్వొచ్చింది. జాకెట్టు కుట్టేటప్పుడు రేపు ఒళ్లు వస్తే వదులు చేయడానికి లోపల మడత వదులుతాం కదా, ఆ సీమ దర్జీ కూడా మడత వదిలాడు! ఏ తల్లి కడుపున పుట్టాడో గానీ, వాడి చెయ్యి చల్లగుండ. ఆ మడతలోంచే ముక్క కోసి, లోపలి నుంచి అతికి, అంచులు పలచగా గీకి కలిపాను.

సీటు లోపల దూది కాదు, గుర్రపు వెంట్రుకలు కూరారు. చీమలూ బెల్లమూ పట్టి అవి గడ్డలు కట్టాయి. ఆ సమయానికే తమ్ముడు పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వచ్చాడు. ఎలకలు తిన్నంత మేర తక్కువ పడుతున్నాయంటే, "తిరపతిలో ఉండుకొని ఎంటికలకి అంగలారుస్తావేందక్కా? కొండ మింద కావల్సినన్ని!" అన్నాడు.

"దేవునికిచ్చిన దాని మింద కూసుంటావా? కండ్లు పోతాయి. నోరు కడుక్కోపో!" అని కుంచె విసిరాను.

ఉన్న వెంట్రుకలనే కుంకుడుకాయ పులుసులో నానబెట్టి, నలిపి, మిద్దె మీద ఆరబెట్టి, వేళ్లతో చిక్కు తీసి మళ్లీ కూరాను. తగ్గిన చోట కొబ్బరి పీచు అడుగున వేశాను. తివాచీకి మాత్రం బెల్లమే మేలు చేసింది. అదే నూనె అయ్యుంటే ఏం చేసినా పోయేది కాదు. బెల్లం నీళ్లకు కరిగేదే కదా, బకెట్ల కొద్దీ పోస్తుంటే గోధుమరంగు పానకం కాలవలోకి పారింది, చీమలు దాని వెంట వెళ్లిపోయాయి. అడుగున ముదురెరుపు ఉన్ని అలాగే ఉంది. చెక్క డాష్‌బోర్డు మీద ఏటేటా ఆయుధపూజకు పెట్టిన గంధం, కుంకుమ పొరలు కట్టి ఉంటే కొబ్బరినూనె దూదితో నానబెట్టి తీశాను. పైపింగు ఒక్కటే కొత్తగా చేశాను, జాకెట్టు మెడకు చేసినట్టే లోపల తాడు పెట్టి. ఎండలు ముదిరేనాటికి రెండు సీట్లూ బండిలో కూర్చున్నాయి. మా ఆయన తలుపు తెరిచి, కాసేపు చూసి, "దీంట్లోకి చెప్పులేసుకొని ఎక్కొచ్చునా?" అని అడిగాడు. నాకు ఏనుగెక్కినంత సంతోషమైంది.

ఎల్లుండి తెల్లవారితే లారీ వచ్చి చెన్నైకి ఎత్తుకుపోవాలి. దానికి ఇంకా రెండు రోజులుందనగా పొద్దున్నే తమ్ముడు పూజారిని వెంటబెట్టుకొని దిగాడు. కొత్త బండి కొన్నా, పాతది బాగు చేయించినా, పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించనిదే మా వైపు ఎవరూ ఊరు కదలరు. నేనూ సరేనన్నాను. పొంగలి దించడానికి లోపలికి వెళ్లాను. గంట మోగుతోంది, మంత్రాలు వినిపిస్తున్నాయి. గిన్నె పట్టుకొని బయటికొచ్చాను.

మా తమ్ముడు తడిపిన పసుపు అరచేతికి నిండా పూసుకొని, రెండు సీట్ల మీదా ముద్రలు వేశాడు. కొత్తింటి గోడకు వేసినట్టు, అయిదు వేళ్లూ, ఆకు పరిచినంత. జున్ను రంగు తోలు మీద పచ్చగా మెరుస్తున్నాయి.

"ఏం జేసినావురా, పాపిష్టోడా!"

నా మొహం చూసి వాడికి అప్పుడు అర్థమైంది. "ఉండక్కా, ఉండక్కా, కడిగేస్తా" అని పరుగెత్తి, నీళ్లతొట్టి దగ్గరున్న బట్టల సబ్బు తెచ్చి, నేను ఆపేలోపల రెండు సీట్లూ రుద్దేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారే, వీడు కాలు కడుగుతూ ఇంకా లోతు అడుసులో దిగాడు. సబ్బు తగిలిందే తడవు ఆ పచ్చటి చేతులు రెండూ ఇటుకరాయంత ఎర్రగా మారాయి. పూజారి హారతి పళ్లెం కింద పెట్టి, "అమ్మా, సీటు మింద పెట్టమని నేను జెప్పలేదు" అని పక్కకు జరిగాడు.

నెలల తరబడి ఒక్కో తూటు వెతికి కుట్టింది ఇందుకా? ఆ చేతి ముద్రలు చూసి ఏ జడ్జీ ఒరిజినల్ అంటాడు? "కావాలనే జేసినావు గదరా! నేను ఓడిపోతే బండి బెంగుళూరుకి తోలుకోవచ్చునని జేసినావు!" అని కేకపెట్టాను. వీధిలో వాళ్లు గోడల మీది నుంచి తొంగి చూశారు.

వాడు సబ్బు చేత్తో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అక్కా, నువ్వు గెలవాలని మొక్కుకొనే ముద్ర ఏసినాను. నాయన మిందొట్టు" అన్నాడు. వాడు నాయన మీద అబద్ధపు ఒట్టు వేయడు. అయినా నా కోపం దిగలేదు.

ఆ ఎరుపు వైపే చూస్తూ ఉంటే బుర్ర పనిచేయడం మొదలైంది. పేరంటాల్లో దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేస్తే చాలు, ఎర్రబారుతుంది. సబ్బు కూడా అదే పని చేసింది. అదే నీళ్లలో పులుపు పడితే మళ్లీ పచ్చన. ఇక పసుపు మరకంటావా, ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. వ్రతం నాటి చీర మీద పసుపు ఉతికితే పోదు, ఎండ తింటుంది. కావలసింది నిమ్మకాయ, ఎండ. ఎండకు తిరుపతిలో కొదవ లేదు. ఇంట్లో నిమ్మకాయలు మాత్రం లేవు. ఉన్నవి చక్రాల కింద, ఇంకా తొక్కించకుండా ఉన్నాయి.

వంగి ఒక్కో చక్రం కింది నుంచి ఒక్కో కాయ తీశాను. గూడూరు కాయలు, రసంతో నిగనిగలాడుతున్నాయి.

"అక్కా! అవి దిష్టికి పెట్టినవి! తీయగూడదు, అపశకునం!"

"నీ చేతిని మించిన దిష్టి ఇంకేముందిరా ఈ బండికి? కత్తి తే, పో!"

పూజారి నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. నిమ్మరసం నీళ్లలో కలిపి, మల్లుగుడ్డ ముంచి గట్టిగా పిండి, ఎర్రటి ముద్ర అంచున అద్దాను. ఎరుపు విరిగి పసుపైంది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. "ఆగు, సగమే అయింది" అన్నాను. సీట్లు విప్పించి, మగవాళ్లిద్దరితో మిద్దె మీదికి మోయించాను. ఒట్టి ఎండలో పెడితే తోలు అప్పడమై పగులుతుంది. అందుకని తడి పంచె కప్పి, మరక మేర మాత్రం ఎండకు వదిలాను. పంచె ఆరకుండా ఎప్పటికప్పుడు తడుపుతూ ఉండాలి. ఆ పని తమ్ముడికి అప్పగించాను. మండీ యజమాని నెత్తిన తువ్వాలు వేసుకొని చెంబుతో నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాడు. నేను గొడుగు కింద కూర్చొని కాపలా కాశాను.

మధ్యాహ్నం దాటాక వాడే అన్నాడు, "నాకు ఈ బండంటే ఎప్పుడూ ఇష్టం లేదక్కా. ఎక్కితే కడుపులో తిప్పేది. నాయన స్టీరింగు ఇస్తే వద్దనలేక పట్టుకుంటాంటిని."

"నాకిమ్మని నేను అడగతానే ఉంటిని గదరా. నాకియ్యలేదు. ఆ కోపం నాకింకా ఉండాది" అన్నాను. అని ఏడ్చేశాను. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరితోనూ అనలేదు. వాడు చెంబెత్తి పంచె మీద నీళ్లు చల్లాడు.

మర్నాడు కూడా పొద్దున్నించీ ఎండలో పెట్టాం. ముద్ర వేళ్ల కొసల నుంచి వెలిసిపోతూ వచ్చింది. ముందు చిటికెన వేలు మాయమైంది, తర్వాత మిగిలినవి. పొద్దు వాలేసరికి నేనే చెయ్యి పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది, మరక ఎక్కడ ఉండేదో. "పోయిందక్కా! గోవిందా, గోవింద!" అని తమ్ముడు మిద్దె మీద నుంచి అరిచిన అరుపుకు వీధిలో కుక్కలు లేచాయి. సీట్లు చల్లబడ్డాక చారెడు ఆముదం రాసి, బండిలో బిగించి, ఇంకెవరూ చెయ్యి పెట్టకుండా తలుపు తాళం వేసి తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను.

చెన్నైలో ఒక మైదానం నిండా పాత బండ్లు. అన్నీ తళతళా మెరుస్తున్నాయి, వాటి ముందు నిలబడ్డవాళ్లు ఇంకా మెరుస్తున్నారు. నేను నేతచీరలో స్టూలు మీద కూర్చున్నాను. ముగ్గురు జడ్జీలు వచ్చారు. అందులో పెద్దాయన టార్చిలైటు, భూతద్దం తీసి ఏకంగా నేల మీద పడుకొని సీట్ల కిందికి చూశాడు. చిత్తూరు వాళ్లకు అరవం ఇంట్లో భాషే కాబట్టి ఆయనతో అరవంలోనే మాట్లాడాను.

"కొత్త తోలు బాగా కలిపారు. ఎక్కడిది?" అన్నాడు.

"కొత్త తోలు ఇంచి కూడా లేదయ్యా. పైపింగు ఒక్కటే కొత్తది. లోపల గుర్రపు వెంట్రుకలే, ఎలకలు తిన్నచోట కొబ్బరి పీచు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా" అన్నాను.

ఆయన నమ్మలేదు. నమ్మకపోయేసరికి నాకు తిక్క రేగింది. "భూతద్దం చేతిలోనే ఉంది కదయ్యా, తూట్లు చూడండి! పాత తూటు పక్కన కొత్త తూటు ఒక్కటి చూపించండి, బండి ఇక్కడే వదిలేసి బస్సెక్కి పోతా!" తమ్ముడు వెనక నుంచి నా కొంగు లాగుతున్నాడు, మా ఆయన కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన భూతద్దం పెట్టి కుట్టు వెంట చాలాసేపు వెళ్లాడు. ఒక సీటు అయ్యాక రెండోది. తర్వాత మిగతా ఇద్దర్నీ పిలిచి వాళ్లకూ చూపించాడు. లేచి ప్యాంటు దులుపుకొని, "ఎవరు కుట్టారు?" అన్నాడు.

"నేనే. జాకెట్లు కుడతాను."

ఆయన రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఒరిజినలా కాదా అన్నది మాత్రం చెప్పలేదు. సాయంత్రం దాకా నేను స్టూలు మీంచి లేవలేదు.

బహుమతులు చెప్పేటప్పుడు వరసగా ఎవరెవరి పేర్లో పిలిచారు. చివరికి, లోపలి భాగమంతా అసలు రూపంలో నిలుపుకున్న బండి అంటూ మా కారు నంబరు చదివారు. ఒరిజినల్ అన్న మాట మైకులో స్పష్టంగా వినబడింది. నేను ఎగిరి గంతేశాను, ఈ వయసులో! మా ఆయన చెయ్యి నా గోళ్లకు గీరుకుపోయింది. ఆ వెంటనే బండి యజమాని వేదిక మీదికి రావాలని పిలిచారు. కాగితాల్లో ఉన్న పేరు, మా తమ్ముడి పేరు.

వాడు కదల్లేదు. మళ్లీ పిలిచారు. వాడు లేచి నిలబడి, మండీలో వేలం పాడే గొంతుతో అంత జనంలో అరిచాడు. "ఓనరు నేను గాదు సార్! మా యక్క!" అని నా వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాడు. "పో అక్కా. నీ బండి."

వేదిక ఎలా ఎక్కానో తెలియదు. కప్పు చేతికిచ్చి దిగమన్నారు, నేను దిగలేదు. మైకు అడిగి లాక్కున్నాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకోలేదు, అరవం గుర్తు రాలేదు, తెలుగులోనే చెప్పాను. "ఈ బండి మా నాయనది. ఇప్పుడు నాది. రేపు పొద్దున తిరపతి దాకా నేనే తోలుకొని పోతాను."